నామక్క పోసిన రొయ్యల దోశె

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు. బస్సు ఆలస్యమైతే కోపం, అది తొందరగా వచ్చి నేను అందుకోలేకపోతే కోపం, పొద్దున్నే ఎవరైనా "ఏం పాపా, ఇంకా పెండ్లి కాలేదా" అంటే కోపం, అనకుండా అదోరకంగా చూస్తే అంతకన్నా కోపం. డిగ్రీ చేతికొచ్చి, లోకాన్ని చక్కదిద్దే పని నాకే అప్పజెప్పారని గట్టిగా నమ్ముతున్న వయసు. దీనికి తోడు దేవుడు నాకో శాపం పెట్టాడు. బాగా కోపమొస్తే నాకు ఎక్కిళ్ళొస్తాయి. ఎదుటి మనిషిని కడిగి పారేద్దామని నోరు తెరుస్తానా, సరిగ్గా అసలు మాట దగ్గరికి వచ్చేసరికి ఎక్కిలి పడుతుంది. ఎంత న్యాయమైన కోపమైనా మధ్యలో ఎక్కిలి పడితే దానికి విలువేముంటుంది? ఎదుటివాళ్ళు పరుగెత్తి మంచినీళ్ళు తెచ్చిస్తారు. (మంచినీళ్ళు తెచ్చిచ్చిన మనిషిని మళ్ళీ తిట్టడం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకే తెలుసు.) ఇప్పుడు చెప్పబోయేది నా కోపాలన్నింటిలోకీ పెద్ద కోపం గురించి. ఏళ్ళు గడిచినా తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నా మొదటి ఉద్యోగం మా మేనమామ దగ్గర. కళ్యాణదుర్గం అవతల ఆయనకి పెద్ద చేను ఉంది. పేరుకి పెద్దదే గానీ, వేరుశనగ ఊడలు దిగే వేళకి వాన మొహం చాటేసి, చాలా ఏళ్ళు పశువులకి మేత కూడా మిగల్చని చేను. నీళ్ళ కోసం ఆయన బోరు వేయించని మూల లేదు. నీళ్ళు పడినవాటికన్నా దుమ్ము లేచినవే ఎక్కువ కాబట్టి ఊరంతా ఆయన్ని చాటున 'బోర్లాయన' అనేది. అలాంటి మామకి ఎవరో డ్రాగన్ పండు గురించి చెప్పారు. ముళ్ళ జాతి మొక్క, నీళ్ళు తక్కువ తాగుతుంది, సిమెంటు స్తంభాలు పాతి పైకి పాకిస్తే చాలు అన్నారు. మామ వెంటనే స్తంభాలు పాతించాడు. మొక్కలు అమ్మినవాళ్ళే, సాగు నేర్పడానికని వియత్నాం నుంచి ఒకావిడను పిలిపించి ఒక పంటకాలం మా చేలో ఉంచారు. ఆవిడకీ మాకూ మధ్య మాటలు చేరవెయ్యడానికి మనిషి కావలసి వచ్చింది. "ఇంగ్లీషు సదివిన పిల్ల మనింట్లోనే ఉండగా బయటోళ్ళు యాల?" అని మామ నన్ను పిలిపించుకున్నాడు. ఆవిడ ఇంగ్లీషు నా ఇంగ్లీషు కన్నా అధ్వాన్నం. అది నాకు చాలా ధైర్యమిచ్చింది.

ఆవిడ పేరుకి మాలో ఎవరికీ నోరు తిరగలేదు. కూలికొచ్చే ఆడవాళ్ళు మొదట్లో వియత్నామక్క అన్నారు, కొన్నాళ్ళకి దాన్నీ కత్తిరించి నామక్క చేశారు. ఆవిడా ఆ పిలుపుకే పలికింది. నడివయసు మనిషి, పొట్టిగా గట్టిగా ఉండేది. పని చెప్పి గట్టు మీద నిలబడే రకం కాదు. ఆడవాళ్ళతో పాటు తానూ కూర్చుని కొమ్మలు కత్తిరించేది, స్తంభాలకి తాళ్ళు కట్టేది, వేలికి ముల్లు దిగితే వాళ్ళ భాషలో ఏదో ఘాటైన మాట అనేది. (ఆ ఒక్క మాటా మా ఆడవాళ్ళంతా చాలా శ్రద్ధగా నేర్చుకున్నారు.) ఆ కూలీల గుంపుకి పెద్ద మేస్త్రక్క. ఆదివారం చర్చి, మిగతా రోజులన్నీ మా మామ చేను. మామ అరిస్తే నిదానంగా కొంగు దులుపుకుని, "అరిసినంత మాత్రాన మొక్క బిన్నా ఎదిగిపోదయ్యా" అనగలిగిన మనిషి ఆ చేలో ఆమె ఒక్కతే.

మధ్యాహ్నం వేపచెట్టు కింద వాళ్ళు సద్దిమూటలు విప్పితే నామక్క కూడా పోయి మధ్యలో కూర్చునేది. మామ ఇంటి నుంచి తనకని వచ్చిన క్యారియరు నా ముందుకి తోసేసి, మేస్త్రక్క గిన్నెలోంచి రాగిసంగటి తుంచుకుని, వేరుశనగ విత్తనాలు నూరిన ఊరిబిండిలో అద్దుకుని తినేది. మొదటిరోజు మేస్త్రక్క గిన్నె వెనక్కి లాక్కుని, "మా దాంట్లో వద్దులే మేడమ్" అంటూ మామ ఇంటి వైపు ఒకసారి చూసింది. నామక్క ఆ చూపు పట్టించుకోలేదు, చెయ్యి ముందుకే చాచింది. "మాదీ ఇలాంటి ఊరే. ఇసుక, ఎండ, వాన రాదు. కాకపోతే పక్కన సముద్రముంది" అని ఆవిడ చెబితే నేను తెలుగులో చెప్పాను. "ఉప్పునీళ్ళు ఎన్నుండి ఏం చేసుకోను?" అంది మేస్త్రక్క. అది ఇంగ్లీషులో చెప్పగానే నామక్క సంగటి మింగలేనంతగా నవ్వింది.

ఆవిడ తిరిగి వెళ్ళే రోజు దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం సంగటి తింటూ, "ఇన్నాళ్ళూ మీ తిండి నేను తిన్నాను. పోయేలోపల మా తిండి మీరు తినాలి" అంది. ఆ వంటకం గురించి చేతులతో, మాటలతో, నోటితో చేసే చప్పుళ్ళతో వివరించింది. బియ్యప్పిండిలో పసుపు, కొబ్బరిపాలు కలిపి పల్చగా జారుగా చేస్తారు. కాగిన పెనం మీద రొయ్యలు వేసి, వాటి మీద ఆ పిండి పోస్తే సుయ్యిమంటుంది. పైన పెసర మొలకలు చల్లి, అంచులు కరకరలాడేదాకా ఉంచి సగానికి మడుస్తారు. అంటే దోశె. ("దోశే గదా!" అని ఆడవాళ్ళందరూ ఒకేసారి అన్నారు, తమకి తెలిసిన మనిషి సముద్రం అవతల కనబడినంత సంతోషంగా.) తినడం మాత్రం దోశెలా కాదు. వేడివేడిగా ఒక ముక్క తుంచి, పచ్చి ఆకులో పెట్టి, పుదీనా, కొత్తిమీర జోడించి, కిళ్ళీలా చుట్టి, ఉప్పులో ఊరిన చేపల రసంలో నిమ్మకాయ, చక్కెర, వెల్లుల్లి, మిరపకాయ కలిపిన పులుపులో ముంచి నోట్లో పెట్టుకోవాలి. పొయ్యి మధ్యలో, చుట్టూ మనుషులు, ఆకుల బుట్ట ఒకటి, పులుపు గిన్నె ఒకటి.

"అందరికీ ఒకటే గిన్నెనా?" అంది మేస్త్రక్క.

ఒకటేనట, వాళ్ళింట్లో అంతేనట అని నేను చెప్పాను. "చూస్తాంలే" అని ఆమె సంగటి ముద్ద వైపు తిరిగింది. నామక్క మాత్రం నా చెయ్యి పట్టుకుని, వాళ్ళందరూ రావాలి, అది నీ బాధ్యత అంది. ఆ మాట నేను తలకెక్కించుకున్నాను. నామక్క వెళ్ళేలోపల ఆ గిన్నె చుట్టూ మేస్త్రక్కనీ ఆమె మనుషుల్నీ కూర్చోబెట్టాలి. నాకు అంతకు ముందు ఎవ్వరూ ఏ బాధ్యతా అప్పజెప్పలేదు మరి.

రొయ్యలు కళ్యాణదుర్గంలో ఏం దొరుకుతాయి? సంతలో ఎండు రొయ్యలైతే ఉంటాయి. పచ్చివి కావాలంటే అనంతపురం పోవాల్సిందే. పొద్దున్నే పోయి, థర్మోకోల్ డబ్బాలో ఐసు వేయించుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎండ సంగతి చెప్పాలా? ఊరు దాటకముందే ఐసు కరిగి డబ్బా మూలలోంచి కారడం మొదలైంది. కండక్టరు వచ్చాడు.

"డబ్బాలో ఏముండాది పాపా? నీళ్ళు కారతాండాయి."

"రొయ్యలన్నా."

"బతికుండాయా?"

"లేదన్నా."

"అయితే వాటికి టికెట్ వద్దులే" అని ముందుకి పోయాడు. పక్కసీటు పెద్దమనిషి మాత్రం పోలేదు. ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని, "శనివారం పూట ఏం ఖర్మప్పా ఇది" అని దారిపొడుగునా బస్సుకంతా వినబడేలా అన్నాడు. నాకు మండింది. "నా ఒళ్ళో డబ్బా, నా రొయ్యలు, మీ శనివారం మీ ఇంట్లో..." అనబోయానో లేదో ఎక్కిలి. ఆయన కండువా తీసి తన నీళ్ళ సీసా ఇచ్చాడు. తాగక తప్పలేదు.

వంట సంగతి మామ చెవిన పడినట్టుంది, ఆయన ఇంటికి చేరేసరికి వాకిట్లో షామియానా. ఎర్రకుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫోన్‌లో, "విదేశీ వంట సారూ, మనింట్లో! మీరు రావల్ల" అని ఎవర్నో పిలుస్తున్నాడు. నేను డబ్బా కింద పెట్టాను.

"మరి మేస్త్రక్క వాళ్ళు యాడ కూచుంటారు మామా?"

"వాళ్ళకేమే! పేపర్ తట్టల్లో పెట్టి గేటు కాడ ఇచ్చేద్దాం. ఇండ్లకు తీసకపోయి సల్లగా తింటారు."

"నామక్క వాళ్ళ కోసరమే చేస్తాండాది. అందరూ సుట్టూ కూచోని ఒక గిన్నెలో ముంచుకోని తినేది మామా అది."

"ఒక గిన్నెలోనా?" మామ ఫోన్ జేబులో పెట్టాడు. "ఏం మాట్లాడతాండావే? వాళ్ళు చెయ్యి పెట్టిన గిన్నెలో మనం చెయ్యి పెట్టేదా? సదువుకున్నావా, సదువు అమ్ముకున్నావా?"

ఇక్కడ మా మామ గురించి ఒక సంగతి చెప్పాలి. ఆయన తనని తాను చాలా కొత్తకాలం మనిషిననుకునేవాడు. పాతకాలంలో కూలీలకి గోడ మీద విడిగా గ్లాసులు ఉండేవని, తాను వాటిని తీయించేశానని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. తీయించింది నిజమే. వాటి బదులు పేపర్ కప్పులు తెప్పించాడు. తాగి పారేస్తే కడిగే పని లేదు, ఎవరిది ఏ గ్లాసు అనే గొడవ లేదు. ఇంట్లోవాళ్ళం మాత్రం స్టీలు గ్లాసుల్లో తాగేవాళ్ళం. ఆ కప్పులు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు భగ్గుమనేది, ఎందుకంటే వాటి గురించి గొడవ పెట్టుకోవడానికి కూడా వీల్లేదు. "ఏం తక్కువ చేసినామే, కొత్త కప్పే గదా ఇచ్చింది" అనేవాడు. ఆ రోజు అవన్నీ కలిపి అనేద్దామని నిలబడ్డాను. "మామా, నువ్వు చేసేది..." అన్నాను. ఎక్కిలి. "నీకు ఏమాత్రం..." ఎక్కిలి. అత్త లోపల్నుంచి స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

మేస్త్రక్క వాళ్ళు వచ్చారు. రోజూ మట్టి కొట్టుకుపోయిన చీరలు, పైన మగవాళ్ళ చొక్కాలు వేసుకుని వచ్చేవాళ్ళు, ఆ రోజు తలస్నానాలు చేసి, కనకాంబరాలు పెట్టుకుని వచ్చారు. మేస్త్రక్క అయితే ఆదివారం చర్చికి కట్టుకునే చీర కట్టింది. మామ వాళ్ళని షామియానా దాటించి, ఇంటి వెనక గొడ్ల కొట్టం దగ్గర కూర్చోమన్నాడు. మేస్త్రక్క ఒక్కసారి నా వైపు చూసి, చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని పేడ తొక్కకుండా నడుచుకుంటూ వెనక్కి పోయింది.

షామియానా కింద భోజనం ఇలా జరిగింది. నామక్క వరండాలో, సిలిండరు కిందే ఉన్న చిన్న గ్యాసు స్టవ్వు మీద ఒక్కో దోశె కరకరలాడేలా పోస్తుంటే, మామ మనుషులు వాటిని పట్టుకుపోయి హాట్ బాక్సులో పేర్చారు. హాట్ బాక్సులో! ఆవిరికి అన్నీ తడిసిన గోనెపట్టల్లా మెత్తబడ్డాయి. వచ్చిన పెద్దమనుషుల్లో ఒకాయన, తెల్లచొక్కా నాయకుడు, ఆకుల బుట్ట చూసి, "ఇవి మేకలకాప్పా?" అని అడిగి తన జోకుకి తానే నవ్వాడు. తర్వాత చెంచాతో దోశెలోంచి రొయ్యలు ఏరుకుని తిని, దోశెని కంచం అంచుకి తోసేశాడు. ఇంకొకాయన టమాటా సాసు తెప్పించుకున్నాడు. చేపల రసం గిన్నెని వాసనని చెప్పి ఎవరో తీసుకుపోయి కిటికీలో పెట్టారు. మామ మాత్రం రొయ్యలు బాగా లాగించి, ఇంకొంచెం వెయ్యమన్నాడు. సముద్రం పక్క ఊళ్ళో ఎవరి అమ్మో నేర్పిన వంటకాన్ని ఇంత నిలువునా పాడుచెయ్యగలమని నేను కలలో కూడా అనుకోలేదు. నాకు ఆ తెల్లచొక్కా మీద సాసు సీసా మొత్తం వంచాలనిపించింది.

నామక్క చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. కుర్చీలన్నీ చూసింది. "వాళ్ళెక్కడ?" అని అడిగింది.

"పని తగిలి పోయినారని చెప్పు" అన్నాడు మామ, నవ్వు మొహం తియ్యకుండానే.

ఆ పంటకాలమంతా నేను రెండు వైపులా చెప్పిన మాటల్లో కొన్ని కత్తిరించాను, కొన్ని మెత్తబరిచాను. ఆ రోజు మాత్రం నాకు తెలిసిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని, ఒక్కో మాటా విడదీసి చెప్పాను. వాళ్ళు ఇంటి వెనక పశువుల దగ్గర కూర్చుని ఉన్నారు, వాళ్ళ చెయ్యి పడిన గిన్నెలో ఈయన చెయ్యి పెట్టడు, అందుకు. చిత్రంగా ఒక్క ఎక్కిలి కూడా రాలేదు.

నామక్క నేరుగా వరండాలోకి పోయి స్టవ్వు ఆర్పింది. పెనాన్ని గుడ్డతో పట్టుకుంది, పిండి గిన్నె చంకన పెట్టుకుంది, కిటికీలోంచి పులుపు గిన్నె తీసి పిండి గిన్నె మీద మూతలా పెట్టుకుంది, స్టవ్వు వైపు గడ్డంతో చూపించి నన్ను ఎత్తమంది. మిగిలిన రొయ్యల సంచీ, ఆకుల బుట్టా నేనే భుజాలకి తగిలించుకున్నాను. పెద్దమనుషుల మధ్యలోంచి మేమిద్దరం ఇల్లు ఖాళీ చేసి పోతున్నవాళ్ళలా నడిచి వెనక్కి పోయాం. "ఏమే, ఏమే!" అని మామ గొంతు వినబడుతూనే ఉంది.

కొట్టంలో స్టవ్వు వెలిగింది. పిండి పడగానే సుయ్యిమంది. రొయ్యలు ఎర్రబడ్డాయి, కొబ్బరిపాల వాసనకి ఎద్దులు కూడా తలలు తిప్పాయి. మొదటి దోశె దిగింది. నామక్క పులుపు గిన్నెని అందరి మధ్యలో పెట్టి, తినమని సైగ చేసింది. ఒక్కరూ చెయ్యి చాచలేదు. దోశె చల్లారిపోతోంది. నేను నిలబడి ఊగిపోతున్నాను.

"తినండక్కా! ఎవరొచ్చి ఏమంటారో నేను చూస్తా! ఈ గిన్నెలో ముంచండి, ఇది మీ గిన్నె! మీకేమైనా తక్కువా? తినండి!" ఎక్కిలి. "తినమంటాంటే!"

మేస్త్రక్క తలెత్తి నిదానంగా చూసింది.

"మీ మామ వద్దని అరిసె. నువ్వు తినమని అరుస్తాండావు. మాకు ఏం కావల్లనో ఎవురన్నా అడిగినారా పాపా?"

అంత కోపమూ కాళ్ళలోంచి నేలలోకి దిగిపోయినట్టయింది. చిన్న గొంతుతో, "ఏం కావల్లక్కా?" అని అడిగాను.

"ముందు కింద కూచో. నువ్వు నిలబడుకోని ఉంటే మాకు ముద్ద దిగదు. రోంత కారం గూడా కావల్ల. అది పులుసా, నీళ్ళా?"

కూర్చున్నాను, ఆ పేడ నేల మీదే. ఎవరో దొడ్లోంచి పచ్చిమిరపకాయలు తెంపుకొచ్చారు. మేస్త్రక్క వాటిని రాయి మీద నలగ్గొట్టి గిన్నెలో పడేసింది. తర్వాత దోశె ముక్క తుంచి, క్యాబేజీ ఆకు మందమని పక్కన పెట్టి, చుక్కకూర ఆకుల్లో పుదీనాతో చుట్టి, గిన్నెలో నిండా ముంచి నోట్లో పెట్టుకుంది. అందరం ఆమె మొహమే చూస్తున్నాం. "బాగుండాది" అంది, రెండోది చుట్టుకుంటూ. ఇక చెయ్యి మీద చెయ్యి. నామక్క తన ముక్క ముంచి తిని, మిరప ఘాటుకి కళ్ళనీళ్ళతో దగ్గి, ముల్లు దిగినప్పుడు అనే ఆ మాట అనేసింది. ఆడవాళ్ళందరూ ఆ మాటనే ఒకే గొంతుతో తిరిగి అన్నారు. కొట్టం దద్దరిల్లింది.

ఆ నవ్వులకి మామ వచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడ్డాడు, మొహం కందగడ్డలా ఉంది. నామక్కకి ఆయన కోపం అర్థం కాలేదో, అర్థమయ్యే చేసిందో, నాకిప్పటికీ తెలియదు. ఒక ముక్క చక్కగా చుట్టి, అందరూ చూస్తుండగా ఆ గిన్నెలోనే ముంచి, లేచి వెళ్ళి ఆయన ముందుకి చాచింది. చుక్కలు ఆయన ఇస్త్రీ చొక్కా దగ్గరగా కారుతున్నాయి. మామ ఆ చేతి వైపు చూశాడు, గిన్నె వైపు చూశాడు.

"నాకు రొయ్యలు పడవు" అన్నాడు.

ఇంతకు ముందే కంచం నిండా తిన్న మనిషి! ఆయన వెనక్కి తిరిగి పోయాడు. తర్వాత మేస్త్రక్క, "పాపం, ఈడికొచ్చినాకనే పడకుండా పోయినట్లుండాయి" అంది. అంతే, మళ్ళీ దద్దరిల్లింది.

మర్నాడు నా ఉద్యోగం పోయింది. "మీ నాయన దగ్గరికి పో, ఈడ నువ్వు చేసిన నిర్వాకం చాలు" అన్నాడు మామ. మేస్త్రక్క వాళ్ళని మాత్రం మాన్పించలేదు. మాన్పిస్తే ఆ ముళ్ళమొక్కల్ని కట్టేదెవరు? పేపర్ కప్పులు ఇంకా వస్తూనే ఉన్నాయని విన్నాను. విన్నప్పుడల్లా మండుతుంది. ఆ ఒక్క మధ్యాహ్నంతో ఏదో మారిపోయిందని నేను ఎవరికీ చెప్పను, మారలేదు కాబట్టి.

ఇదంతా జరిగిన ఆ మధ్యాహ్నం, ఆఖరి దోశె కూడా అయిపోతుండగా మేస్త్రక్క నా చేతుల వైపు చూసింది. రొయ్యలు మోసి, స్టవ్వు మోసి, అరిచి, అందరికీ ఆకులు అందిస్తూ కూర్చున్న నేను ఒక్క ముక్క కూడా తినలేదని అప్పటిదాకా నాకే గుర్తులేదు. ఆమె మిగిలిన ముక్కని ఆకులో చుట్టి, గిన్నె అడుగున ఉన్న పులుపంతా తుడిచినట్టు అద్ది, "నోరు తెరువు" అంది. తెరిచాను. నా జన్మలో మా అమ్మ తప్ప ఎవరి చెయ్యీ నా నోటి దాకా రాలేదు. పులుపు, ఉప్పు, రొయ్య తీపి, చుక్కకూర, ఆమె వేసిన మిరపకాయల మంట, ఆమె వేళ్ళ ఉప్పదనం అన్నీ ఒకేసారి తగిలాయి. బుగ్గ ఉబ్బిపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇప్పుడు అరుచు, చూద్దాం" అంది మేస్త్రక్క.

అరవలేకపోయాను. లోకాన్ని చక్కదిద్దబోయి, నోటి నిండా ముద్దతో, మాట రాక గుడ్లు తిప్పుతూ గొడ్ల కొట్టంలో కూర్చున్న ఆ పిల్ల ఇప్పటికీ అప్పుడప్పుడూ నాకు కనబడుతుంది. దాని కోపం మీద నాకు కాస్త జాలి, ఆ ముద్ద మీద చాలా అసూయ.